పై మంచం

శుక్రారం. పొయ్యి మీద పప్పు.
హమ్రియా గల్లీల ఏసీల నీళ్లు
బకెట్లల్ల బొట్టు బొట్టు పడుతున్నయి.
తలుపు కొట్టకుండనే లోపలికచ్చిండొకాయన.
ఎనుక పీఏ లేడు, గన్‌మన్ లేడు,
మెడల ఏ రంగు కండువా లేదు.
చెప్పులు ఇడిచిన తీరు చూసి గుర్తువట్టిన:
ఒకదాని మీద ఒకటి వెట్టి, గోడకు ఆనిచ్చి.
చెప్పులు పోయే రూముల నేర్చిన అలవాటు.
లింబన్న.
రెండుసార్ల ఎమ్మెల్యే. ఇప్పుడు మాజీ.

గప్పుడు ఆ పై మంచం ఆయనది.
బుగ్గ దగ్గరుంటదని అడిగి తీసుకున్నడు.
పగలు షట్టరింగు, రాత్రి జాబులు,
చెవి మీద ఎప్పుడూ పెన్ను.
పన్నెండు మందిమి, రాసే చెయ్యి ఒక్కటే.
జాబుకో చాయ.
మేం చెప్పంది సుత రాసేటోడు:
"బువ్వ మంచిగనే తింటున్న" అని,
పన్నెండు ఇండ్లకు పన్నెండు తీర్ల
ఒక్కటే అబద్ధం.

పోశెట్టి పరంజ మీదికెల్లి పడి
నలభై ఒక్క దినాలు దవాఖాన ఫ్రిజ్జుల ఉంటే
అర్బాబు కాళ్లు పట్టింది ఈయనే,
ఎంబసీ మెట్లు అరిగేదాక ఎక్కింది ఈయనే.
పెట్టె ఎంట పోయినోడు మళ్ల రాలే.
ఊరోళ్లు పెట్టెను దించుకున్నరు,
ఆయన్ని ఎత్తుకున్నరు.

సర్పంచ్, జడ్పీటీసీ, ఆఖరికి అసెంబ్లీ.
గెలిచిన రాత్రి రువీల హల్వా కొని
ఖల్లివల్లి పోరగాండ్లకు సుత పంచినం.

పదేండ్లల్ల ఒక్కపారి మా ముచ్చట లేచింది.
ముప్పై మందిమి ఒక్క ఫోను మీద వంగినం.
జీరో అవరు.
"అధ్యక్షా" అన్నడు,
పెట్టెలన్నడు, ఫ్రిజ్జు అన్నడు,
పోశెట్టి అనబోయిండో ఏమో,
"పో" అన్నకాడ మైకు కట్టయింది.
మంత్రి లేచి వివరాలు సేకరిస్తున్నాం అన్నడు.
ఇంకా సేకరిస్తనే ఉన్నట్టున్నరు.

అటెన్క లెటర్ ప్యాడ్లు రావట్టినయి.
పైన రాజముద్ర, కింద గాలం లెక్క సంతకం,
నడుమ నాలుగు లైన్లు, తగు చర్య నిమిత్తం.
రాజలింగు పీనుగ కోసం అచ్చిన కాయితంల
అంతకు ముందు పోయినోని పేరే ఉండె.
"ఈయన్ని పంపినం గద" అన్నడు ఎంబసీ క్లర్కు.
నేనేం చెప్పాలె?
రాజలింగు ఇంకో వారం ఆగిండు.

కండువా రంగు మారింది.
భార్య పేరు మీద పెట్రోల్ బంకు లేచింది.
మూడోసారి పదకొండు వేల ఓట్లతోని పడ్డడు.
పరంజ మీదికెల్లి కాదు గాబట్టి
బతికే ఉన్నడు.

"ఊకెనే అచ్చిన మల్లేశా" అన్నడు.
పై మంచం దిక్కు చూసిండు. నిచ్చెన పట్టిండు.
మోకాళ్లు వద్దన్నయి.
పైకెల్లి మెట్‌పల్లి పిలగాడు తొంగిచూసి
"ఏ కంపెనీ కాకా?" అనడిగిండు.
"బందయింది బిడ్డా, ఆ కంపెనీ."
"జీతాలిచ్చిండ్రా మరి?"
లింబన్న కాళ్ల దిక్కు చూసుకున్నడు.

పిలగాంది ఏడు నెలల జీతం బాకి,
బతాకా అర్బాబు దగ్గర.
దరఖాస్తు రాస్తవా అని అడిగిండు,
ఎవలో ఎరుకలేకనే.
చెయ్యి చెవి మీదికి పోయింది. పెన్ను లేదు.
మెస్సు లెక్కల పెన్ను నేనే ఇచ్చిన.

మొదటి లైనులనే "తగు చర్య" అని రాసి
ఆగిండు.
గీత కొట్టిండు.
మంచం అంచుకు కూసుండి, ఫైలు మోకాళ్ల మీద వెట్టి,
"మొదాలు నీ పేరు చెప్పు" అన్నడు,
"ఒక్కొక్క అచ్చరం."

కింద సంతకం వెట్టబోయి
పెన్ను పిలగాని చేతికిచ్చిండు.

అదేమన్న అయితదని నేననుకోను.
మళ్ల నిలబడుతడేమో, దానికే అచ్చిండేమో,
నియ్యత్ నాకేం తెలుసు.
పప్పు అడుగంటింది. మాడిందే తిన్నడు,
రెండోసారి అడిగి.

ఆయన పోయినంక మెస్సు పుస్తకం తీసిన.
లింబాద్రి, ఒక్క పూట, బాకీ అని రాద్దామంటే
పెన్ను లేదు.
చెవి మీద వెట్టుకోని పోయిండు.