జ్ఞాపకం మీట

కుతాయిసిలో మా లిఫ్టు నాణెం వేస్తేనే పైకి కదులుతుంది.
నుగ్జార్ వేయడు. ఐదంతస్తులూ ఎక్కి వచ్చి
ఆయాసం తీరకుండానే చేతికి పట్టీ చుట్టుకుంటాడు.
"ఐదు నిమిషాలు కూర్చో" అంటాను.
"రొట్టెల పొయ్యి కూర్చుంటుందా నాకోసం?" అంటాడు,
పొయ్యి ఆర్పి ఇంటికొచ్చినవాడు.

రెండు పాదాలూ నేలమీద. వీపు కుర్చీకి.
చెయ్యి గుండె ఎత్తున, మడతపెట్టిన తువ్వాలు మీద.
మాట్లాడకూడదు.
ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో
ఈ మనిషి నోరు మూసుకుని కూర్చోవడం
ఆ యంత్రం వచ్చాకే చూశాను.

డాక్టర్ నాతెలా గదిలో అతని రక్తం బుద్ధిమంతురాలు,
నూట ముప్ఫై దాటదు.
తెల్లారగట్ల తలనొప్పి అని నేనే చెబితే
"ఇంట్లో చూసుకోండి, రెండు పూటలా రాయండి" అందామె.
రాస్తున్నాడు, గీతల నోటుబుక్కులో:
నూట ఇరవై ఎనిమిది. ఇరవై ఆరు. మళ్ళీ ఇరవై ఎనిమిది.
ముద్దలు తూచి పెట్టినట్టు.
అంత సమంగా నా కుట్టు కూడా రాదు.

మొన్న బల్ల తుడుస్తుంటే గుడ్డ తగిలి
ఏదో మీట నొక్కుకుంది.
నూట అరవై నాలుగు. కింద, నూట రెండు.
మంగళవారం, తెల్లవారుజాము మూడూ నలభై.
ఇంకోసారి నొక్కాను. నూట యాభై తొమ్మిది.
ఇంకోసారి.
తూకంలో మోసం చెయ్యడని పేరు మా వీధిలో అతనికి.

వాళ్ళన్న ముర్మన్ పొయ్యి ముందే ఒరిగిపోయాడు.
రొట్టెలు మాడిన వాసనకి గానీ ఎవరూ రాలేదు.
ఆ పొయ్యే ఇప్పుడు ఇతనిది.
అంకె తెలిస్తే మానెయ్యమంటానని కాబోలు.

అడగలేదు. అడిగితే ఇంకో పది పెరుగుతుంది.
ఆ రాత్రి సుల్గుని జున్ను ముక్కలు కోసి
మంచినీళ్ళలో నానేశాను.
పొద్దున్నకి ఉప్పంతా నీళ్ళలోకి దిగింది.
"ఏమిటిది, ఇంత చప్పగా ఏడ్చింది?"
"ఆవు ముసలిదైందేమో" అన్నాను.
తప్పు లెక్క రాయడం నేనూ నేర్చాను మరి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళే రోజు
నోటుబుక్కు పక్కనే యంత్రాన్నీ సంచీలో పెట్టాను.
చూశాడు. నా మొహంలోకి కాదు, సంచీలోకి.
దారిపొడుగునా వాతావరణం గురించి మాట్లాడాడు.

కొత్త మాత్రలతో తిరిగొచ్చి
మెట్ల దగ్గర ఆగాడు. జేబులు తడిమి
నాణెం తీసి లిఫ్టులో వేశాడు.
ఐదో అంతస్తు దాకా ఇద్దరం మాట్లాడలేదు,
ఎవరో మమ్మల్ని కొలుస్తున్నట్టు.