కొట్టివేత

మోల్మీన్ టౌన్‌షిప్ ఆఫీసులో
కిటికీ నుంచి మూడో బల్ల నాది.
నీళ్ల పండగ ఇంకా పన్నెండు రోజులుందనగా
పిల్లలు పాటల కాగితాలు తెస్తారు.
థంజాట్ అంటారు మా బర్మాలో:
ఒకరు మాట విసురుతారు, పదిమంది అందుకుంటారు,
మధ్యలో డోలు.
వాటిని ముందే చదివి
ఎర్రసిరాతో కొట్టేయడం నా ఉద్యోగం.

పోయినేడు తెచ్చింది యమిన్ థూ అనే పిల్ల.
ఐస్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తుందట,
చెంపల మీద తనాఖా పూత ఇంకా ఆరలేదు.
నాలుగు పేజీలు, గుండ్రటి చేతిరాత.

"కరెంటు మా వీధికి మంత్రిగారిలా వస్తుంది,
ఓ క్షణం మొహం చూపించి
ఖర్చు మా ఖాతాలో రాసి పోతుంది."
కొట్టేశాను.

"వంతెనకి వేసిన శంకుస్థాపన రాళ్లన్నీ
వరసగా పేర్చి ఉంటే
ఈపాటికి నది దాటేవాళ్లం."
నవ్వొచ్చింది, దగ్గుగా మార్చుకున్నాను.
కొట్టేశాను.

మూడో పేజీలో జనరల్ గారి పేరు లేదు,
పతకాలున్నాయి.
ఎడమ రొమ్మున చోటు చాలక
కుడివైపుకో యుద్ధం వెతుకుతున్నారట.
గట్టిగా గీస్తే కాగితం చిరిగింది.

చివరికి మిగిలినవి
పడౌక్ పూల మీద రెండు పంక్తులు,
కొత్త సంవత్సరం శుభాకాంక్షలు.

"కొట్టేసినవి పాడకూడదు, అంతేగా బాబాయ్?"
"అంతే."
"డోలు కొట్టొచ్చా?"
రూల్సు పుస్తకం తిరగేశాను.
డోలు ఊసే లేదు.
"కొట్టుకోండి" అన్నాను.

పండగ రెండోరోజు, ఏటి ఒడ్డు రోడ్డు.
ఒకళ్లమీద ఒకళ్లు నీళ్లు కొట్టుకుంటున్నారు.
నేను డ్యూటీలో, గొడుగు కింద,
ఆమోదించిన ప్రతి ప్లాస్టిక్ సంచిలో, తడవకుండా.

యమిన్ నోరు తెరిచి, మూసింది.
డుం డుడుం. డుం డుడుం.
కొట్టేసిన పంక్తిలో ఎన్ని మాత్రలో
అన్నే దెబ్బలు,
ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.
పెదవులు బిగబట్టి నిలబడ్డారు పిల్లలు
బళ్లో నవ్వు ఆపుకున్నట్టు.

ముందెవరికీ అర్థం కాలేదు.
మూడో దరువుకి
ఎండుచేపలమ్మే ఆవిడ గంప దించి
"కరెంటు!" అని కేకేసింది.
ఇక వీధి ఆగలేదు.
ఖాళీ దొరికినచోటల్లా ఎవరి బాకీ వాళ్లు:
డీజిల్, వంతెన, ఆస్పత్రిలో లేని సెలైన్,
రాత్రి లారీ ఎక్కించుకుపోయిన తమ్ముడు.
నేను కొట్టేసిన మాటలకంటే పదునైనవి.
కొన్నిచోట్ల ప్రాస కూడా కుదిరింది.

పైనుంచి ఫోను: "ఏం పాడారయ్యా?"
"ఏమీ పాడలేదు సార్. ఆమోదించినదే."
"మరి ఆ గోల?"
"జనం సార్."
"జనం కాగితం మన దగ్గరుందా?"
జనం దరఖాస్తు పెట్టుకోలేదు సార్.

పండగ నీళ్లు ఆరకముందే యమిన్‌ని తీసుకుపోయారు.
జప్తు రసీదు మా ఆఫీసుకే వచ్చింది:
డోలు, ఒకటి. కర్రలు, రెండు.
అక్కడ కొట్టారని విన్నాను.
ఆ మాటకి నా బల్ల మీద
అర్థం వేరు అనుకునేవాణ్ణి.

ఈ ఏడు వాళ్ల తమ్ముడు వచ్చాడు, పదహారేళ్లుంటాయి.
నాలుగు పేజీలు.
ఒక్క అక్షరం లేదు, చుక్కలే,
దరువుకొకటి.
ఎర్రకలం మూత తీసి చాలాసేపు కూచున్నాను.
ఏ చుక్క డీజిలు? ఏ చుక్క వాళ్లక్క?
కుర్రాడు మర్యాదగా
గోడమీద క్యాలెండరు చూస్తున్నాడు.

ఆమోద ముద్ర తీసి కొట్టాను.
నిజానికి ఆఖరి పేజీకి ఒక్కటి చాలు.
పక్కబల్ల గుమాస్తా తలెత్తి
వింతగా చూసేదాకా తెలీలేదు
చెయ్యి ఆగలేదని,
ఏ వరసలో పడుతోందో.