ముఖపరిచయం

వల్పరైసోలో మా కొండకి మెట్లు మూడొందల పన్నెండు.
ఎక్కలేనివాళ్ళకి నా పెట్టె ఉంది,
ఇనప తాడు పట్టుకుని పాకే పాత చెక్కపెట్టె.
పైకి రెండు నిమిషాలు. కిందికీ అంతే.
నా పేరు హెర్మిందా. చిల్లర తీసుకుంటాను,
తలుపేస్తాను, గంట కొడతాను.
ఇరవై ఆరేళ్ళు.

మొదట్లో ఈ రెండు నిమిషాలూ
సముద్రం గురించి మాట్లాడుకునేవాళ్ళు.
పెద్ద మాటలేం కాదు,
ఇవాళ బూడిదలా ఉందే అని ఒకరంటే
రాత్రికి గాలి అని ఇంకొకరు.
చేపల బుట్టకి ఎవరైనా ముక్కు మూసుకుంటే
బుట్టావిడే ముందు నవ్వేది.
ఒక పెళ్ళి కూడా కుదిరింది ఇందులో.
నిలవలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు నాకు పాపిళ్ళు తెలుసు.
గీత గీసినట్టు నడి పాపిడి టీచరమ్మ,
నెలంతా తెల్లగా మొలిచి
ఒక్క శనివారంతో నల్లబడే ఇంకొకావిడ,
రెండు సుడుల కుర్రాడు,
బట్టతల మీద కిటికీ నాలుగు గడులూ మెరిసే బ్యాంకాయన.
బొటనవేళ్ళు తెలుసు.
కొన్ని పరిగెడతాయి, కొన్ని తడుముకుంటాయి.
ఒకటి మాత్రం ఒకే ఫొటోని
పెద్దది చేస్తుంది, చిన్నది చేస్తుంది,
మళ్ళీ పెద్దది చేస్తుంది.

ఆ వేలు గల మనిషి
పొద్దున ఏడు నలభైకి దిగి చీకటిపడ్డాక ఎక్కేవాడు.
జూలై వానల్లో ఒకరోజు రాలేదు.
ఆ వారమంతా రాలేదు.
పోలీసతను వచ్చాడు, చేతిలో మెరిసే పలక.
నోల్బెర్తో కార్కమో, డెబ్బై రెండు,
రోజూ ఇటే కదా, మనిషి ఎలా ఉంటాడు?

ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ, శనగగింజంత.
సుడి కుడివైపు తిరుగుతుంది.
కాలరు మీద చేతికుట్టు,
దారం రంగు కలవలేదు, ఎవరో మగవాడే కుట్టి ఉంటాడు.
"ముఖం," అన్నాడతను, తలెత్తకుండా.

ముఖం.
పదకొండేళ్ళు, రోజుకి రెండుసార్లు, రెండేసి నిమిషాలు.
గోధుమరంగు కళ్ళన్నాను.
ఈ ఊళ్ళో అలా అంటే పెద్దగా తప్పు పోదు.
మచ్చ సంగతి రాసుకో నాయనా అంటే
ఫారంలో ఆ గడి లేదన్నాడు.
వెళ్తుంటే చూశాను: పక్క పాపిడి, కాస్త చుండ్రు.

నేనేం సుద్దపూసని కాదు.
చెల్లెలు యస్నా కేకుల వీడియోలు పంపుతుంది,
గంట కొట్టగానే ఫోను తీస్తాను నేనూ.
ఆ పెద్దాయన ఎప్పుడో ఒకసారి తలెత్తే ఉంటాడు,
సముద్రం ఎలా ఉందో అందామని.
అప్పుడు ఆయనకి దొరికింది
నా పాపిడే అయి ఉంటుంది.

నిన్న సగం దారిలో
ఒక పిల్లాడి ఫోను కొండెక్కింది.
నల్లటి గాజులో కాసేపు తననే చూసుకుని,
జేబులో పెట్టి,
ఎటు చూడాలో తోచక నావైపు చూశాడు.
ముక్కు కాస్త వంకర.
కళ్ళు ఆకుపచ్చలో తేనె చుక్క పడ్డట్టు.
కింది పెదవి మీద చలి పగులు.
గబగబా గుర్తు పెట్టుకుంటున్నాను,
రేపెవరైనా అడిగితే చెప్పాలని.

"ఏంటలా చూస్తారు?" అన్నాడు.

తలుపు తీశాను.