బొటనవేలంత జాగా

పాదాన్ని సాయంత్రం కొలవాలి.
పొద్దున్న అది ఇంకా ముడుచుకునే ఉంటుంది.
బడి మెట్లూ, పరుగులూ, తొక్కుడుబిళ్లా
రోజంతా దాన్ని సాగదీశాక
ఆరు దాటాక పిలవాలి.
నిలబెట్టి కొలవాలి, కూచున్న పాదం అబద్ధమాడుతుంది.
రెండూ కొలవాలి,
కవలల్లో కూడా ఎవరో ఒకరు ముందు పుడతారు కదా.

అని నేర్పింది నూకరాజు మామ,
అల్లిపురం రేకుల షెడ్డులో
మామిడి చెక్కతో అచ్చులు చెక్కుతూ.
అచ్చంటే ఎవరిదీ కాని పాదం.
తోలు దానిమీద బిగించి, మేకులు కొట్టి, ఆరబెట్టి
చివరికి దాన్ని లాగేస్తాం.
మిగిలిన ఖాళీకే జనం డబ్బులిస్తారు.

పిల్లల అచ్చులని మా దగ్గరున్నవన్నీ
పెద్దల అచ్చుల్ని కుదించినవే,
తాతల నాటి కోసు ముక్కులు.
వాటిలో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు.
నా ఎడమకాలి చిటికెన వేలు
పక్కదాని కిందికి దూరి పడుకుంటుంది,
రైల్వే బడిలో
అక్క రెండేళ్లు, నేను మూడేళ్లు తొడిగిన బూట్ల గుర్తు.
చాలాకాలం దాన్ని పుట్టుమచ్చల లెక్కలో వేసుకున్నాను.

కేజీహెచ్‌లో ఎక్స్‌రేలు తీసే పైడితల్లి
ఒకసారి నాలుగేళ్ల పాదాన్ని లైటుకి పట్టి చూపించింది.
ఎముకలు ఒకదానికొకటి అంటుకోలేదు,
నల్లని నీళ్లలో తెల్లటి లంకలు.
"మధ్యలో ఖాళీయేనా?"
"ఖాళీ కాదే, ఇంకా ఎముక కాని మెత్తన.
ఎటు నొక్కితే అటు ఒదుగుతాది.
నొప్పని ఏడవదు కూడా, అదే భయం."

ఆ రాత్రి షెడ్డులో అచ్చులన్నీ
గోడమీంచి నాకేసి ముక్కులు పొడుచుకొచ్చాయి.

జాలరిపేటలో, ఆటు వేళ, తడి ఇసక మీద
ఏడేళ్ల మసేను నిలబడ్డాడు.
బొమ్మలు పోసేవాళ్లని అడిగి తెచ్చిన ప్లాస్టర్
వాడి అడుగులో పోస్తుంటే
"నా అడుగట్టుకెళ్లి ఏటి సేత్తావు?" అన్నాడు.
"బూటు కుడతాను."
"నాకా?"
"నీలాంటి పిల్లలకి."
"నాలాంటోలెవులూ లేరు, నాకు కుట్టు."

అల వచ్చేలోగా ప్లాస్టర్ గట్టిపడింది.
బూటు ఎరగని పాదం అది.
మడమ నిమ్మకాయంత,
అక్కణ్నుంచి ముందుకి విప్పుకుంటూ విప్పుకుంటూ
వేళ్ల దగ్గర విసురు వల.
బొటనవేలు తిన్నగా, ఎవరికీ దారి ఇవ్వకుండా.
చిటికెన వేలు కూడా నేలని తాకుతోంది.
చెప్పు విప్పి నా కాలు పక్కన పెట్టి చూసుకున్నాను,
వెంటనే తొడిగేసుకున్నాను.

మామ మూడు చెక్కలు పాడుచేశాడు.
"బాతుకి కుడతన్నావేటి?" అని విసుక్కుంటూనే
నాలుగోది వేళ్ల దగ్గర వెడల్పుగా వదిలాడు.
మెయిన్‌రోడ్డు దాలినాయుడి కొట్లో
ఆ జత షోకేసెక్కలేదు.
"ముక్కు లేని బూటు ఎవరు కొంటారమ్మా?"
తల్లులు ఎప్పటిలాగే
"రెండు సైజులు పెద్దదివ్వండి, వచ్చే ఏడుకీ రావాలి" అని
ముందు గుడ్డపీలికలు కుక్కించి పట్టుకుపోయారు.
వాళ్లనేం అనను. జూన్ నెల ఖర్చు నాకూ తెలుసు.
అందుకే అడుగున రెండు అట్టలు పెట్టాను,
పాదం పెరిగితే ఒకటి తీసెయ్యొచ్చు.
ముందు నా బొటనవేలంత జాగా.
అంతే. అంతకు మించి వదిలితే
కాలు బూటులో కాదు, పడవలో ఉంటుంది.

మరుసటేడు దీపావళి వెళ్లాక
మసేను మళ్లీ వచ్చాడు,
ఆరు దాటాక, ఉత్తికాళ్లతో.
జత చేతిలో వేలాడుతోంది.
ఒకదాంట్లో రెండు పీతలు.
"అట్టలు రెండూ తీసేసినాను. అయినా పట్టట్లేదు" అన్నాడు,
నేనేదో తప్పు చేసినట్టు.

వాడి పాత గీత ఉన్న కాగితం పరిచి నిలబెట్టాను.
పెన్సిలు మడమ చుట్టూ తిరిగి
వేళ్ల దగ్గర నిరుటి గీత దాటి బయటికి పోయింది.
రెండు గీతల మధ్య నా బొటనవేలు పెట్టాను.
పట్టింది.

ఈలోగా పీత ఒకటి తప్పించుకుని
ఆ జాగాలోంచే
అడ్డంగా నడిచిపోయింది.