రెండు మార్కుల ప్రశ్న

పదో ప్రశ్న: పరీవాహక ప్రాంతం అనగానేమి?
జవాబు నాకు కంఠతా.
ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద రాస్తున్నా.
సుద్దముక్కలు అరిగాయే గానీ
ఒక్క అక్షరమూ తడవలేదు.

రామంతాపూర్ బడి, ఎనిమిదో తరగతి కట్ట.
అందరూ గైడులో ఉన్నదే దించారు.
స్వరూప మాత్రం ఇట్లా రాసింది:

"వాన మొదలైతే మా అమ్మ మంచం కోళ్ల కింద
ఇటుకలు పెడ్తది. ఒకటంటే మామూలు వాన.
మూడంటే పుస్తకాలు అటక మీదికి.
నీళ్ల కంటే ముందు బొద్దింకలొస్తయి,
బొద్దింకల కంటే ముందు వాసనొస్తది.
కుళ్లు వాసనైతే నాలా, ముక్కు మండితే ఫ్యాక్టరీ.
ఈ నీళ్లన్నీ ఏడికెల్లి వస్తున్నయని
మొన్న సెలవునాడు నేనూ తమ్ముడూ
మోరీల కొట్టుకొచ్చే ఆకులకు ఎదురు నడిచినం.
కిరాణా దాటి, మసీదు దాటి, పైకి, ఇంకా పైకి.
హబ్సిగూడల పచ్చ గేటు కాడ తడి ఆగింది.
లోపల ఎవరో కారు కడుగుతున్నరు.
టీచర్, అది మీ అపార్ట్‌మెంటే."

ఎర్ర పెన్నుకు మూత పెట్టాను. మళ్లీ తీశాను.

రెండేళ్ల కిందట, చెప్పులకు బురద అంటుతోందని
మీటింగులో చెయ్యెత్తిన వాళ్లలో నేనూ ఉన్నా.
గోడవార కానుగ చుట్టూ కూడా
జానెడు వదలకుండా సిమెంటు పోయించాం.
ఆ ఏడే ఇంకుడుగుంత మీద నా పాఠానికి
ఇన్‌స్పెక్షన్‌లో మెప్పు వచ్చింది.
ఛార్టు ఇంకా స్టాఫ్‌రూమ్‌లో ఉంది, నీలం బాణాలతో.
ఆ బాణాల వెంట నేనెన్నడూ నడవలేదు.

రెండుకు రెండు వేశాను.
చెయ్యి ఇంకా కాగితం మీదే ఉంది.

ఆదివారం ఇద్దరు కూలీలు, ఒక గునపం.
నూట నాలుగు రఘునందన్ గారు వంగి చూసి
"మేడం, పార్కింగ్ ఎవరిది పోతోంది?" అన్నారు.
"నాదే సార్."
మోకాలి లోతు కూడా కాలేదు, ఖంగుమంది.
ఈ ఊరికి నడుం కింద అంతా రాయే, అన్నాడు కూలి.
అది కూడా నా ఛార్టులో లేదు.
రాయి తప్పించి, చెట్టు వైపు తిప్పి తవ్వాడు.

రాత్రి చినుకులు.
టార్చి పట్టుకుని కిందికి దిగాను.
కొత్త మాట దగ్గర పిల్లలు ఆగినట్టు
నీళ్లు గొయ్యి అంచున కాసేపు ఆగి
కొన్ని లోపలికి దిగాయి.
మిగిలినవి గేటు కింద నుంచి
స్వరూప వాళ్లింటి వైపు.

ఎన్ని ఇటుకలో
రేపు అడగాలి.