థర్మాకోల్ మూత

ద్వారకానగర్ స్టూడియోలో ఏసీ చల్లగా ఉంది.
ప్యాకేజీ ఇరవై ఎనిమిది వేలన్నారు,
మేకప్ వేరు.
మంచినీళ్లు మాత్రం ఊరికే ఇచ్చారు,
రెండు గ్లాసులు తాగి వచ్చేశాను.

నా దగ్గర మూడువేల నాలుగొందలు.
జగదాంబ దగ్గర చీరలకొట్లో
బొమ్మలకి కుచ్చిళ్లు పెట్టి, పిన్నులు గుచ్చి
నెలనెలా మిగిల్చినవి.
బొమ్మ నడుము ఇరవై నాలుగు. ఎప్పుడూ ఇరవై నాలుగే.
నాదెంతో ఫారంలో రాయమన్నారు.
టైలర్ సత్యవేణక్క టేపు చుడుతూ
"జాకెట్టుకా, దేనికే?" అంది.
"నాకే" అన్నాను.

కెమెరా దావీదుది కాదు, వాళ్ల ఓనరుది.
దావీదు పెళ్లిళ్లలో లైటు పట్టుకుంటాడు,
ఎవరి మెడలోనో తాళి పడేదాకా చెయ్యి దించకుండా.
ఆదివారం ముహూర్తం తొమ్మిదిన్నరకి.
అంటే అయిదుంపావు నుంచి ఎనిమిది దాకా
మాకూ ఒక కెమెరా ఉన్నట్టే.

సూర్యుడు సముద్రంలోంచి లేచే ఊరు మాది.
ఆ ఒక్కదానికే అద్దె లేదు.

చీర కొట్టుదే. రేటు చీటీ తియ్యకుండా
కుచ్చిళ్ల లోపలికి దోపుకున్నాను.
సోమవారం పదింటికల్లా అది మళ్లీ బొమ్మ ఒంటిమీద ఉండాలి.
ఒక్క అల తగిలినా నా నెల జీతం తడుస్తుంది.
అందుకే ఫొటోల్లో నేను నీళ్లవైపు
అంత అనుమానంగా చూస్తూ ఉంటాను.
"భలే ఎక్స్‌ప్రెషన్" అన్నాడు దావీదు.

రిఫ్లెక్టరు కొనాలంటే పదిహేను వందలు.
అమ్మ హార్బర్‌లో ఐసుపెట్టె మూత ఊడదీసి
చంకలో పెట్టుకుని వచ్చింది.
తెల్లటి మూత, ఒక మూల విరిగింది,
ఎంత కడిగినా కవళ్ల వాసన.
"ఎండ ఎటు కొడతంది బాబూ?" అని అడిగి
అటు తిప్పి, ఇటు వంచి,
నా బుగ్గమీద పడేదాకా వెతికి పట్టుకుంది.
ఇరవయ్యేళ్లు తక్కెడ పట్టిన చెయ్యి. వణకలేదు.

"ఒలే, ఏటలాగ బిగుసుకుపోనావు,
ఐసులో ఎట్టిన సేపలాగ?"
నవ్వు ఆపుకోలేకపోయాను.
ఆ ఫొటో మసకొచ్చింది.

లంగరేసిన నీలం బోటు పక్కన మూడు.
పాతపోస్టాఫీసు దగ్గర సున్నం రాలిన గోడకి ఆనుకుని రెండు.
ఎర్రమట్టి దిబ్బల దాకా పోదామంటే
తొమ్మిదిన్నర ముహూర్తం ఒప్పుకోలేదు.
చివరికి సత్యవేణక్క గోడ ముందు
జుట్టు వెనక్కి లాగి కట్టి, బొట్టు కాటుక లేకుండా ఒకటి.
"దీన్నెవరు సూత్తారే" అంది అమ్మ.
ముందు దాన్నే చూస్తారట.

డాబాగార్డెన్స్ ల్యాబులో ప్రింటు నలభై అయిదు.
పన్నెండనుకున్నవి తొమ్మిదయ్యాయి.
ఏడోదాంట్లో, అంచున,
మూత చివర నాలుగు వేళ్లు.
ఒక గోటి సందులో చేప పొలుసు,
నా ముక్కుపుడక కన్నా బాగా మెరుస్తోంది.
ల్యాబు కుర్రాడు
"కట్ చేసెయ్యనా మేడమ్?" అన్నాడు.
అంతవరకు నన్నెవరూ మేడమ్ అనలేదు.

వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను.
"తీయించెయ్యి. వల లాగినోడు
పులుసులో కనబడతాడేటి?"
కుర్రాడు నవ్వాడు.
నేను కట్ చేయించాను.
ఇంకో నలభై అయిదు ఇచ్చి
కట్ చెయ్యనిది కూడా ఒకటి తీయించాను.
అది ఫైల్లో లేదు. ఎక్కడుందో చెప్పను.

కౌంటర్లో అమ్మాయి ఫారం చూసి
"నూకరత్నమా? పేరు మార్చుకోకూడదూ" అంది.
మార్చుకోవడానికి ఎంతవుతుందో అడగలేదు.
ఆటోలు, ఇడ్లీలు, దావీదు జేబులో కుక్కిన అయిదొందలు,
అన్నీ పోను ఇంకా కొంచెం ఉంది గానీ
అది చెప్పులకి.

ఫైలు ఇచ్చి పదకొండు రోజులు.
ఇవాళ బొమ్మకి గంధం రంగు పట్టు కట్టాను,
గడ్డం కాస్త పైకెత్తి పెట్టాను, దావీదు నాకు చెప్పినట్టు.
హార్బర్‌లో మూత మళ్లీ పెట్టెకి చేరింది.
నా ముఖానికి పొద్దుని తెచ్చిచ్చిన ఆ తెలుపు కింద
ఇప్పుడు రెండు వంజరాలు
కళ్లు తెరుచుకుని పడుకున్నాయి.