మూడో తీగ

మీట నొక్కితే తిరగలేదు, మూలిగింది.
పంటినొప్పి మనిషి దవడ పట్టుకుని
ఒకే అక్షరం దగ్గర ఆగిపోయినట్టు
మ్‌మ్‌మ్ అని, అంతే.
కేపా గబుక్కున ఆపేశాడు.

బెర్మియో రేవులో వారంగా ఏప్రిల్ వాన.
ఒడ్డెక్కి కూర్చున్న పడవకి ఇరుసు కావాలి.
ఆ ఇరుసు లేతు మీదే ఉంది,
సగం మెరుపు, సగం తుప్పు.
నెత్తళ్ళు ఎవరి కోసమూ ఆగవని
పడవ యజమాని చోమిన్
గుమ్మంలో నిలబడి
గొడుగు మూయకుండానే చెబుతున్నాడు.

నేను పనిలో చేరి నాలుగు నెలలు.
మోటారు కాలిపోయిందన్నాను,
తెలియనివాళ్ళందరూ ముందుగా అనే మాట.
మైడెర్ నా వంక చూడలేదు.
మోటారు మీదకి వంగి వాసన చూసింది.
"కాలిన లక్క కంపు దాచినా దాగదు.
ఇది కాలలేదు."

మెయిన్ ఆపి, తాళం వేసి,
తాళంచెవి తన జేబులోనే వేసుకుంది.
మూత విప్పితే ఆరు కొనలు,
ఏళ్ళనాటి నూనె జిడ్డు,
ఎప్పుడు చచ్చిందో ఒక సాలీడు.
చుట్టకీ చుట్టకీ మీటరు పెట్టి పైకి చదివింది:
రెండు పాయింట్ ఒకటి.
రెండు పాయింట్ ఒకటి.
రెండు పాయింట్ ఒకటి.
ముగ్గురూ ఒక తల్లి బిడ్డలే.
మెగ్గర్ పెడితే ఒంట్లోకి కారడం లేదు.
ఫ్యూజులు బాగున్నాయి.
కాంటాక్టరు నాలుకలు కాస్త నల్లబడ్డాయి, అంతే.
మోటారు విప్పదీసి కరెంటు కొలిస్తే
నాలుగు వందలు, నాలుగు వందలు, నాలుగు వందలు.

అందరూ బాగున్నారు.
లేతు మాత్రం తిరగదు.

అప్పుడు కేపా గొంతు సవరించుకున్నాడు.
ఫిబ్రవరి నుంచీ ఇంతేనట.
చక్‌ని చేత్తో ఒక విసురు విసిరితే
అందుకుని పరుగెత్తేదట, ఎటు తోస్తే అటు.
ఒకసారి పొరపాటున వెనక్కి తోశాడు.
వెనక్కే తిరిగింది,
చక్ మర ఊడి ఒళ్ళో పడబోయింది.
ఎవరికీ చెప్పలేదు.
అతని బొటనవేలి కట్టు గురించి
మేమూ అడగలేదు.

మైడెర్ స్క్రూడ్రైవర్ కింద పెట్టింది.
తిడుతుందనుకున్నాను.
"ముగ్గురు వంతులేసుకుని తోస్తేనే ఇది గుండ్రంగా తిరిగేది.
ఒకడు మానేస్తే మిగిలినవాళ్ళ తోపుడు
ముందుకీ వెనక్కీ ఊగడమే.
దానికి దిక్కు లేదు.
నువ్వే దిక్కు చెబితే అదే దిక్కు."

మూడింటా నాలుగు వందలున్నాయిగా, అన్నాను.
ఈసారి నా వంక చూసింది.
"పని లేనప్పుడు అడిగాం.
పని లేనప్పుడు అందరూ బాగున్నామనే అంటారు."

మోటారు మళ్ళీ కలిపింది.
కేపా మీట నొక్కి రెండు లెక్కపెట్టి వదిలాడు,
మూలుగు, మళ్ళీ మూలుగు, మళ్ళీ.
నాలుగు వందలు.
రెండు వందల పది.
రెండు వందల మూడు.
అక్కడ, అంది మైడెర్,
పాము పుట్ట చూపించినట్టు, మెల్లగా.

తాళం మళ్ళీ పడింది.
గొట్టం మోటారులోకి వంగే చోట
మూడో తీగని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది.
తొడుగు పైకి నున్నగా ఉంది.
కోసి చూస్తే లోపల రాగి
ఉప్పుగాలికి పచ్చబారి,
అదురుకి అదురుకి తెగిపోయి,
రెండు కొనలూ ఆనుకుని ఉన్నాయి.
కలిసి లేవు.

చెడిన జానెడు కోసి పారేసి
కొత్త తీగ, కొత్త లగ్గు, గట్టి నొక్కుడు.
పావుగంట పని.
మీట నొక్కితే మూలుగు లేదు.
అసలు ఏ చప్పుడూ మొదలైనట్టే లేదు,
ఇరుసు మాత్రం మెరుస్తూ తిరుగుతోంది.
చోమిన్ గొడుగు మూశాడు.

ఎందుకు చెప్పలేదని మైడెర్ అడిగింది.
తిరుగుతోందిగా, అన్నాడు కేపా.

ఆ సాయంత్రం రెండుసార్లు చూశాను.
మీట నొక్కే ముందు
అతని ఎడమచెయ్యి దానంతటదే
చక్ దాకా వెళ్ళి,
ఆగి,
ఏం చెయ్యాలో తోచక
చొక్కాకి తుడుచుకుంది.